స్టూడియో బ్యాకప్ సిస్టమ్‌లో బాష్ సెటప్: అనంతపురం ప్రాజెక్టు డైరీ

ముందు పని ఏంటో చెప్పేస్తా. అనంతపురంలో సుభాష్ రోడ్డు పక్క సందులో మా బావకి ఫోటో స్టూడియో ఉంది. ఆల్బమ్ డిజైన్, ఎడిటింగ్ అంతా విండోస్ సిస్టమ్స్ మీదే, కానీ ఫోటోలు దాచేది మాత్రం మూలనున్న పాత డెస్క్‌టాప్‌లో, దాంట్లో విండోస్ బదులు డెబియన్ అనే లినక్స్ ఉంది, రెండు పెద్ద యూఎస్‌బీ హార్డ్ డిస్కులు ఎప్పుడూ తగిలించే ఉంటాయి. ముహూర్తాల సీజన్ వచ్చిందంటే పెన్నహోబిలం నుంచి ఒక టీము, తాడిపత్రి నుంచి ఇంకో టీము, ఊర్లో కల్యాణమండపం నుంచి మరొకటి, ఏ అర్ధరాత్రో వచ్చి మెమరీ కార్డులు టేబుల్ మీద పెట్టేసి పోతారు, పొద్దున్నకల్లా అవి ఖాళీ అయ్యి మళ్ళీ కెమెరాల్లోకి ఎక్కాలి. ఆ కాపీ పనంతా చూసేది స్టూడియోలో పనిచేసే కుర్రోడు, డిగ్రీ చదువుకుంటూ సాయంత్రం పూట వస్తాడు. మౌస్‌తో లాగి పడేస్తే కాపీ అవుతుంది, అదేం సమస్య కాదు, సరిగ్గా అయిందా లేదా అని చెప్పేదే ఏమీ లేదు. ఇంటి ఫోటో పోతే మళ్ళీ తీసుకోవచ్చు, పెళ్ళిలో తలంబ్రాల ఫోటో పోతే పోయినట్టే. అందుకని ఈ పనంతా టెర్మినల్‌లోకి, అంటే మౌస్ లేకుండా కమాండ్లు టైప్ చేసి పని చేయించే విండోలోకి తెద్దామని బావా నేనూ అనుకున్నాం. అక్కడ టైప్ చేసింది చదివి నడిపే ప్రోగ్రాముని షెల్ అంటారు, ఈ సిస్టమ్‌లో ఆ షెల్ పేరు బాష్.

ఒక్క షరతు మాత్రం పెట్టుకున్నా. నెట్‌లో దొరికే ఎవరిదో కాన్ఫిగ్ మొత్తం దించుకొని పెట్టకూడదు. బాష్ లేచేటప్పుడు చదివే సెట్టింగుల ఫైల్ బాష్‌ఆర్‌సీ, దాంట్లో ఉండే ప్రతి లైనూ ఈ స్టూడియోలో ఏదో ఒక పని అడిగితేనే రావాలి, అది ఎందుకుందో ఆ కుర్రోడు చూసి చెప్పగలగాలి, చెప్పలేకపోతే ఆ లైను తీసేయాలి.

శనివారం సాయంత్రం

ఉన్నదేంటో చూశా. ఇంతకుముందు ఈ సిస్టమ్ సెట్ చేసిచ్చిన మనిషి ఎక్కడి నుంచో తెచ్చిన బాష్‌ఆర్‌సీ పెట్టాడు, స్క్రోల్ చేస్తే అయిపోదు. డాకర్‌కి షార్ట్‌కట్లు, కుబర్నెటీస్‌కి షార్ట్‌కట్లు, అవి సర్వర్ల మీద సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్ళ టూల్స్, పెళ్ళి ఫోటోల స్టూడియోలో వాటితో పనేంటి. టెర్మినల్ తెరవగానే రంగుల్లో వెల్‌కమ్ బ్యానరు, దాని కింద సిస్టమ్ వివరాలు.

ఈ బ్యానరుకీ బావ చాన్నాళ్ళుగా చెప్తున్న ఒక కంప్లైంటుకీ లింకు ఉందని ఇవాళే దొరికింది. ఎడిటర్ లాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద ఇంకో సిస్టమ్‌లోకి పోయే దారి) మీద ఆర్‌సింక్ (ఫైళ్ళు కాపీ చేసే కమాండ్) పెడితే ఎప్పుడూ ఆగిపోతోంది, ప్రోటోకాల్ వెర్షన్ కలవట్లేదు అని ఎర్రర్ ఇచ్చి పక్కనే ‘ఈజ్ యువర్ షెల్ క్లీన్?’ అని అడుగుతుంది. అందరూ ఆర్‌సింక్ వెర్షన్ పాతదేమో అని దాన్నే అప్‌డేట్ చేస్తూ ఉన్నారు. అసలు సంగతేంటంటే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఏ కమాండ్ నడిపినా అవతలి సిస్టమ్‌లో బాష్ లేస్తుంది, అప్పుడు కూడా అది బాష్‌ఆర్‌సీని చదువుతుంది, ఆ ఫైల్లో ఎకో చేసే, అంటే తెరమీద అక్షరాలు రాసే బ్యానర్ ఉంటే ఆ అక్షరాలన్నీ ఆర్‌సింక్ మాట్లాడుకునే దారిలోకే పోయి పడతాయి, అది తన డేటా అనుకొని చదివి అర్థంకాక ఆగిపోతుంది. డెబియన్ ఇచ్చే అసలు బాష్‌ఆర్‌సీలో పైనే నాలుగైదు లైన్లు ఉంటాయి, డాలర్ మైనస్ అనే వేరియబుల్లో (షెల్ ఒక విలువ దాచుకునే పేరు) ‘ఐ’ అక్షరం ఉందా అని చూసి, లేకపోతే అక్కడి నుంచే రిటర్న్ అయిపోతుంది. అంటే మనిషి కూర్చొని టైప్ చేస్తున్న షెల్ అయితేనే కిందకి చదువు, లేకపోతే చదవొద్దు అని. తెచ్చి పెట్టిన ఫైల్లో ఆ లైన్లే లేవు.

పాత ఫైల్‌ని పేరు మార్చి పక్కన పెట్టి, సిస్టమ్‌లోనే ఈటీసీ అనే సెట్టింగుల ఫోల్డర్ కింద స్కెల్ ఫోల్డర్‌లో ఉండే డెబియన్ అసలు కాపీని తెచ్చి పెట్టా. లాప్‌టాప్ నుంచి ఆర్‌సింక్ వెంటనే నడిచింది. బావ చూసి ‘అంతేనా అప్పా, ఇన్నాళ్ళూ ఆ బొమ్మ వల్లనే ఆగుతాండెనా’ అన్నాడు. అంతే మరి.

ఆదివారం

ఇవాళ కుర్రోడికి ఏ ఫైల్ ఎప్పుడు చదవబడుతుందో చెప్పాల్సి వచ్చింది, ఇది తెలియకపోతే మిగతాదేదీ నిలవదు. లాగిన్ షెల్ (యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వచ్చినప్పుడు లేచేది) అయితే బాష్ ముందు ఈటీసీలో ఉన్న ప్రొఫైల్ చదివి, తర్వాత మన హోమ్ ఫోల్డర్‌లో బాష్ ప్రొఫైల్, బాష్ లాగిన్, ప్రొఫైల్ అనే మూడు ఫైళ్ళ కోసం ఇదే వరసలో వెతికి, మొదట దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. టెర్మినల్ విండో తెరిస్తే వచ్చేది మామూలుగా లాగిన్ షెల్ కాదు, అది బాష్‌ఆర్‌సీనే చదువుతుంది. డెబియన్‌లో ప్రొఫైల్ ఫైలే బాష్‌ఆర్‌సీని పిలుస్తుంది కాబట్టి మనకి తేడా కనపడదు, కానీ ఎవరైనా హోమ్‌లో కొత్తగా బాష్ ప్రొఫైల్ అని ఒక ఫైల్ పెట్టారనుకో, ఇక ప్రొఫైల్‌ని బాష్ పట్టించుకోదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు చెప్పకుండా ఆ ఫైల్ పెట్టేస్తాయి, అందుకే ఏదైనా సెట్టింగ్ ఉన్నట్టుండి పనిచేయట్లేదంటే ముందు అక్కడ చూడాలి.

‘దీన్ని ఎవరు చేసినారన్నా’ అని అడిగాడు. 1979లో యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్‌తో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ వచ్చింది, తర్వాత ఫ్రీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే జీఎన్‌యూ ప్రాజెక్ట్ కోసం బ్రయన్ ఫాక్స్ 1989లో దాని దారిలోనే ఫ్రీగా ఇచ్చే షెల్ రాశాడు, అదే బాష్. కుర్రోడికి జెడ్‌ఎస్‌హెచ్ అనే ఇంకో షెల్ వీడియోలు చూసి దాని మీద మనసుంది. మంచిదే, 2019లో ఆపిల్ వాళ్ళు కూడా కాటలినా వెర్షన్ నుంచి మ్యాక్‌లో దాన్నే డిఫాల్ట్ చేశారు. కానీ ఇక్కడ నేను బాష్‌నే ఉంచా, రేపు ఈ డెస్క్‌టాప్ పోయి ఇంకో సిస్టమ్ వచ్చినా, వీడు ఇంకో చోట ఉద్యోగానికి పోయి సర్వర్ ముందు కూర్చున్నా, ఎక్కువ చోట్ల ఎదురుగా ఉండేది బాషే. చేతికి అలవాటు దాంట్లో పడనీ.

సోమవారం రాత్రి

హిస్టరీ, అంటే ఇంతవరకు కొట్టిన కమాండ్ల లిస్టు. అసలు ఈ ప్రాజెక్ట్‌కి మొదటి రాయి ఇదే అనుకుంటా.

హిస్టరీ అవుట్‌పుట్‌ని ఆక్ అనే కమాండ్‌కి పంపి రెండో కాలమ్ తీసుకొని, సార్ట్ చేసి, యూనిక్‌కి మైనస్ సీ ఇచ్చి లెక్కపెట్టించి, మళ్ళీ సంఖ్య ప్రకారం సార్ట్ చేస్తే ఈ సిస్టమ్‌లో ఏ కమాండ్ ఎక్కువ వాడారో వరసగా వచ్చేస్తుంది. ఎల్‌ఎస్ (ఫోల్డర్‌లో ఏమున్నాయో చూడ్డం), సీడీ (ఫోల్డర్ మారడం), డీఎఫ్ (డిస్కులో జాగా చూడ్డం), యూమౌంట్ (డిస్కుని సిస్టమ్ నుంచి విడదీయడం), సీపీ (కాపీ), ఇవే పైనున్నాయి. అంటే ఈ కుర్రోడి పనేంటో షెల్‌కి ముందే తెలుసు, మనం దాన్ని అడగాలంతే. షార్ట్‌కట్లు దేనికి పెట్టాలి అని కూర్చొని ఆలోచించే బదులు ఈ లిస్టు చూసి పెడితే చాలు. ఒక చిన్న విషయం, హిస్టరీకి టైమ్ ఫార్మాట్ పెట్టాక రెండో కాలమ్‌లో తేదీ వచ్చి కూర్చుంటుంది, కాబట్టి ఈ లెక్క దానికి ముందే తీసుకోవాలి, లేదా కాలమ్ నంబర్ మార్చుకోవాలి.

తర్వాత సెట్టింగులు. డెబియన్ ఫైల్లో హిస్ట్‌సైజ్ (మెమరీలో ఎన్ని కమాండ్లు) 1000, హిస్ట్‌ఫైల్‌సైజ్ (ఫైల్లో ఎన్ని లైన్లు) 2000 అని ఉంటాయి, బ్యాకప్ సిస్టమ్‌కి అది చాలదు, పోయిన సంవత్సరం ఫలానా కార్డు ఎప్పుడు ఎక్కించాం అని కస్టమర్ అడిగితే చూపించాలి కదా, రెండూ లక్ష చేశా. టైమ్ ఫార్మాట్‌లో తేదీ, నెల, సంవత్సరం, గంట, నిమిషం పెట్టా. హిస్ట్‌అపెండ్ ఆన్‌లోనే ఉంది, అది ఉంటే షెల్ మూసేటప్పుడు పాత హిస్టరీ మీద రాయకుండా చివర కలుపుతుంది.

కానీ అసలు సమస్య అది కాదు. బాష్ హిస్టరీని ఫైల్లోకి రాసేది షెల్ సరిగ్గా మూసినప్పుడే, అప్పటిదాకా అంతా మెమరీలోనే. మన ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు, యూపీఎస్ ఉంది గానీ బ్యాటరీ పాతబడింది, గభాల్న పోతే ఆ రాత్రి చేసిన పనంతా హిస్టరీలో ఉండదు. దీనికి మందు ప్రాంప్ట్ కమాండ్ అనే వేరియబుల్. దాంట్లో ఏది పెడితే అది ప్రతి ప్రాంప్ట్‌కి (కమాండ్ కొట్టమని షెల్ చూపించే గుర్తు) ముందు నడుస్తుంది. అక్కడ హిస్టరీ మైనస్ ఏ పెట్టా, ఒక కమాండ్ అయిపోగానే ఆ లైను ఫైల్లోకి చేరిపోతుంది. రెండు టెర్మినల్స్ తెరిచి పనిచేసినా రెండింటివీ చేరతాయి.

బుధవారం

ఇన్‌పుట్‌ఆర్‌సీ. దీన్ని చాలామంది ముట్టుకోరు, నా లెక్కలో మాత్రం రోజూ చేతికి తెలిసే తేడా బాష్‌ఆర్‌సీ కంటే దీంతోనే ఎక్కువ. టైప్ చేసే లైనుని చూసుకునేది రీడ్‌లైన్ అనే లైబ్రరీ, దాని సెట్టింగులు ఈ ఫైల్లో ఉంటాయి.

పై బాణానికి హిస్టరీ సెర్చ్ బ్యాక్‌వర్డ్, కింది బాణానికి ఫార్వర్డ్ పెట్టా. ఇప్పుడు ‘ఆర్‌సింక్’ అని కొట్టి పై బాణం నొక్కితే ఆర్‌సింక్‌తో మొదలైన పాత లైన్లే వస్తాయి, మిగతావి రావు. ట్యాబ్‌కి మెనూ కంప్లీట్ పెట్టా, షిఫ్ట్ ట్యాబ్‌కి దాని వెనక్కి నడిచేది. ఇది పెట్టడానికి కారణం తెలుగు పేర్లు. స్టూడియోలో ఫోల్డర్ పేర్లు తెలుగులో పెట్టే అలవాటు బావది, దాన్ని మార్చమని నేను చెప్పను, చెప్పాల్సిన అవసరం కూడా లేదు. కానీ కమాండ్ ఇంగ్లీషులో కొట్టి, కీబోర్డ్ తెలుగుకి మార్చి పేరు కొట్టి, మళ్ళీ ఇంగ్లీషుకి మార్చడం అంటే చెయ్యి ఆగిపోతుంది. మెనూ కంప్లీట్‌తో సీడీ అని కొట్టి ట్యాబ్ నొక్కుతూ పోతే ఫోల్డర్లు ఒకటొకటిగా లైనులోకే వచ్చేస్తాయి, కావాల్సింది రాగానే ఎంటర్. తెలుగులో ఒక్క అక్షరం కూడా కొట్టక్కర్లేదు. ఫోల్డర్ పేరుకి ముందు తేదీ ఉండాలని మాత్రం రూల్ పెట్టుకున్నాం, సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, నెలా రోజూ రెండేసి అంకెలతో. అప్పుడు ట్యాబ్‌లో వచ్చే వరసే పెళ్ళిళ్ళు జరిగిన వరస, సంవత్సరం అంకెలు కొట్టి ట్యాబ్ నొక్కితే ఆ సంవత్సరానివే.

తెలుగు గురించి ఇంకో మాట. టెర్మినల్ అంటే గడుల కాగితం, ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. మన ఒత్తులూ గుణింతాలూ గడుల్లో ఇమడవు, అందుకే కొన్ని టెర్మినల్స్‌లో తెలుగు లైను మధ్యలో కర్సర్ ఒక చోట కనపడి దిద్దేది ఇంకో చోట అవుతుంది. పేర్లు చూడ్డానికి, ట్యాబ్‌తో ఎంచుకోడానికి ఏ ఇబ్బందీ లేదు. పొడుగు తెలుగు లైన్లు కమాండ్ లైన్ మీద దిద్దడం మాత్రం వద్దని చెప్పా.

గురువారం

ప్రాంప్ట్. తక్కువే పెట్టా: టైమ్, ఉన్న ఫోల్డర్, పోయిన కమాండ్ ఫెయిలైతే దాని ఎర్రర్ నంబరు. టైమ్ ఎందుకంటే కాపీ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిందో పైకి చూస్తే తెలిసిపోతుంది. ప్రాంప్ట్ డర్‌ట్రిమ్ అని ఒక వేరియబుల్ ఉంది, దానికి 2 ఇస్తే పొడుగు దారి అంతా చూపకుండా చివరి రెండు ఫోల్డర్లే చూపిస్తుంది, చిన్న మానిటర్‌కి అది ప్రాణం.

రెండో డిస్కులో, అంటే బ్యాకప్ డిస్కులో నిలబడి ఉంటే ప్రాంప్ట్ ఎర్రగా మారుతుంది. అక్కడ ఏదైనా తీసేయాలంటే కంటికి ముందే తెలియాలి.

దీంట్లో తెలుసుకోవాల్సినవి రెండు. రంగు కోడ్‌లు తెరమీద జాగా తీసుకోవు, కానీ అది బాష్‌కి మనం చెప్పాలి, వెనకగీతా చదరపు బ్రాకెట్ల మధ్య పెట్టి. అవి లేకపోతే బాష్ లైను పొడుగు తప్పుగా లెక్కపెట్టుకొని, పెద్ద కమాండ్ కొట్టినప్పుడు రెండో లైనుకి పోకుండా మొదటి లైను మీదే మళ్ళీ రాసేస్తుంది, పాత ఫైల్లో సరిగ్గా ఇదే రోగం ఉండింది. రెండోది, ఫెయిలైన నంబరు డాలర్ ప్రశ్నార్థకంలో ఉంటుంది, ఏ కమాండ్ నడిచినా అది మారిపోతుంది, కాబట్టి ప్రాంప్ట్ ఫంక్షన్‌లో మొట్టమొదటి లైనులోనే దాన్ని ఇంకో వేరియబుల్లో దాచుకోవాలి. హిస్టరీ రాసే పని దాని తర్వాతే.

శనివారం, ఆదివారం కలిపి

అసలు పని, మెమరీ కార్డు కాపీ చేసి సరిచూసే స్క్రిప్ట్. దీనికి ‘కార్డు’ అని పేరు పెట్టుకున్నాం.

ముందు ఒకటి తేల్చుకున్నా, ఏది ఫంక్షన్, ఏది స్క్రిప్ట్ అని. ఫంక్షన్ అంటే ఉన్న షెల్ లోపలే నడిచే కమాండ్ల కట్ట, స్క్రిప్ట్ అంటే కమాండ్లు రాసిపెట్టిన విడి ఫైల్. స్క్రిప్ట్ నడిస్తే కొత్త షెల్‌లో నడుస్తుంది, దాంట్లో సీడీ చేసినా మనం ఉన్న చోటు మారదు. కాబట్టి ఫోల్డర్ మార్చేవి బాష్‌ఆర్‌సీలో ఫంక్షన్లుగా, మిగతావన్నీ హోమ్‌లో బిన్ అనే ఫోల్డర్‌లో స్క్రిప్టులుగా. ఇంకో లాభం ఏంటంటే స్క్రిప్ట్‌లో ఎర్రర్ రాగానే ఆగిపో అని సెట్ మైనస్ ఈ పెట్టుకోవచ్చు, అదే బాష్‌ఆర్‌సీలో పెడితే గ్రెప్ అనే వెతికే కమాండ్‌కి ఒక్కసారి ఏమీ దొరక్కపోయినా టెర్మినలే మూసుకుపోతుంది.

బాష్‌లో ఫంక్షన్ పేరు తెలుగులో పెట్టినా ఒప్పుకుంటుంది, వేరియబుల్ పేరుకి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప కుదరదు. పెట్టొచ్చు కదా అని కుర్రోడు సరదాపడ్డాడు గానీ, కీబోర్డ్ మార్చే బాధ ఉంది కాబట్టి కమాండ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే. స్క్రీన్ మీద కనపడే మాటలు మాత్రం అన్నీ తెలుగే: ‘ఏ కెమెరా?’, ‘రెండో డిస్కు తగిలించలేదు, చూడు’, ‘సరిపోయింది’. రాత్రి ఒంటిగంటకి నిద్రమత్తులో ఉన్న మనిషికి ఆ మాటలు ఒక్క చూపులో అర్థం కావాలి.

స్క్రిప్ట్ నడిచే తీరు ఇట్లా ఉంటుంది. కార్డుని రీడ్ ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే, మౌంట్ చేస్తుంది (సిస్టమ్‌కి కలుపుతుంది), దాని మీద పొరపాటున కూడా ఏమీ రాయకూడదు. తర్వాత ఏ పెళ్ళి, ఏ కెమెరా అని అడుగుతుంది, బాష్‌లో సెలెక్ట్ అనే కమాండ్ లోపలే ఉంది, లిస్టు ఇస్తే నంబర్లు వేసి చూపిస్తుంది, నంబర్ కొడితే చాలు. కెమెరా అడగడం ఎందుకంటే చాలా కెమెరాల్లో ఫైల్ పేరులో నంబరు నాలుగంకెలే, 9999 దాటితే మళ్ళీ 0001. ఒకే కంపెనీ కెమెరాలు రెండుంటే ఒకే పేరుతో రెండు ఫోటోలు రావడం ఖాయం, ఒకటి ముహూర్తం, ఇంకోటి భోజనాలు. ఒకే ఫోల్డర్‌లో పోస్తే ఒకదాని మీద ఒకటి పడుతుంది. అందుకే కెమెరాకొక ఫోల్డర్.

కాపీకి సీపీ కాదు, ఆర్‌సింక్. సీపీ మధ్యలో కరెంటు పోతే సగం ఫైల్ అసలు పేరుతోనే మిగిలిపోతుంది, చూడ్డానికి ఫైల్ ఉన్నట్టే ఉంటుంది. ఆర్‌సింక్ మామూలుగా చుక్కతో మొదలయ్యే ఒక తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది, మళ్ళీ నడిపితే అయినవి వదిలేసి మిగిలినవి ఎక్కిస్తుంది. ఆర్‌సింక్‌లో స్లాష్ సంగతి కూడా స్క్రిప్టే చూసుకుంటుంది, మూలం ఫోల్డర్ పేరు చివర స్లాష్ ఉంటే లోపలున్నవి మాత్రమే పోతాయి, లేకపోతే ఫోల్డరే పోతుంది, ఈ తేడా మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పని కాదు. డిలీట్ అనే ఆప్షన్ మా స్క్రిప్టుల్లో ఎక్కడా ఉండకూడదు అన్నది బావ పెట్టిన రూల్, నాకూ నచ్చింది.

ఆ తర్వాత సరిచూడడం. కార్డులో ఉన్న ప్రతి ఫైల్‌కీ ఎస్‌హెచ్‌ఏ 256 సమ్ అనే చెక్‌సమ్, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య, లెక్కకట్టి ఒక లిస్టు ఫైల్ రాస్తుంది, అదే లిస్టుతో రెండు డిస్కుల్లోనూ మైనస్ సీ ఇచ్చి సరిచూస్తుంది. ఒక్క బిట్ మారినా పేరుతో సహా చెప్తుంది. ఫైళ్ళ పేర్లు ఫైండ్ (ఫైళ్ళు వెతికే కమాండ్) నుంచి ఎక్స్‌ఆర్గ్స్‌కి (వాటిని ఇంకో కమాండ్‌కి అందించేది) పంపేటప్పుడు ప్రింట్ జీరో, మైనస్ జీరో వాడాలి, ఎందుకంటే లినక్స్‌లో ఫైల్ పేరులో స్లాష్, నల్ అనే సున్నా బైటు ఈ రెండూ తప్ప ఏదైనా ఉండొచ్చు, స్పేస్ ఉండొచ్చు, కొత్త లైను కూడా ఉండొచ్చు. అట్లాగే వేరియబుల్ వాడిన ప్రతిచోటా చుట్టూ డబుల్ కోట్స్, ‘తాడిపత్రి పెళ్ళి’ అనే పేరు కోట్స్ లేకపోతే రెండు ముక్కలైపోతుంది.

ఇక్కడ ఒక లోతైన విషయం ఉంది, నాకు ఈ ప్రాజెక్ట్‌లో బాగా నచ్చింది ఇదే. కాపీ అవ్వగానే సరిచూస్తే లినక్స్ ఆ ఫైల్‌ని డిస్కు నుంచి చదవాలని లేదు, ఇప్పుడే రాసింది కాబట్టి ర్యామ్‌లో ఉన్న కాపీనే చూపించొచ్చు. అంటే మనం డిస్కుని పరీక్షించాం అనుకుంటాం, పరీక్షించింది ర్యామ్‌ని. అందుకే రాత్రి చెక్ అయ్యాక కూడా కార్డు ఫార్మాట్ చేయొద్దు అన్నాం. రాత్రి సిస్టమ్ ఆపేస్తారు, పొద్దున ఆన్ చేశాక ర్యామ్‌లో పాతదేమీ ఉండదు, అప్పుడు ‘పొద్దున’ అనే ఇంకో స్క్రిప్ట్ అదే లిస్టుతో రెండు డిస్కులూ మళ్ళీ చదువుతుంది, ఈసారి చదివేది నిజంగా డిస్కునే. అది ‘సరిపోయింది, కార్డు ఖాళీ చేసుకోవచ్చు’ అన్నాకే ఆ కార్డు కెమెరాలోకి. బావ ముందు టైమ్ పోతుంది అన్నాడు, కానీ పొద్దున టీ తాగేలోపు చాలా వరకు అయిపోతుందని చూశాక సరే అన్నాడు.

మంగళవారం

ఒక ఫోల్డర్ ఉంది, కానీ లేదంటోంది. కుర్రోడు ఫోన్ చేశాడు, ‘అన్నా, ఎల్‌ఎస్‌లో కనపడతాంది, పేరు కొడితే లేదంటాంది’ అని.

పోయి చూశా. ‘వెడ్డింగ్’ అని ఫోల్డర్, అదే మాట టైప్ చేస్తే నో సచ్ ఫైల్ అంటోంది. ట్యాబ్‌తో ఎంచుకుంటే మాత్రం పోతోంది. అంటే కంటికి ఒక్కటే గానీ బైట్లు వేరు. ఆ పేరుని డబ్ల్యూసీ మైనస్ సీకి పంపి బైట్లు లెక్కపెట్టించా. తెలుగు అక్షరాలు యూటీఎఫ్ 8 అనే ఎన్‌కోడింగ్‌లో ఒక్కోటి మూడు బైట్లు, వెడ్డింగ్‌లో వ, ఎత్వం, డ, పొల్లు, డ, గుడి, సున్నా, గ, పొల్లు, మొత్తం తొమ్మిది, అంటే 27 బైట్లు రావాలి. నేను కొట్టిన దానికి 27, ఫోల్డర్ పేరుకి 30. ఎక్కడో ఇంకో కనపడని అక్షరం ఉంది.

ఓడీ అనే కమాండ్‌తో ఒక్కో బైటూ హెక్స్ అంకెల్లో చూస్తే చివర ఈ2 80 8సీ. అది జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 200సీ. తెలుగులో దానికి మంచి పనే ఉంది, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలో ట పొల్లు పక్కన వ వచ్చి ఒత్తుగా మారకుండా ఆపేది అదే. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట కొట్టగానే చివర కూడా దాన్ని పెట్టేస్తాయి, అక్కడ దాంతో పనేమీ లేదు, కనపడదు కూడా. ఆ ఫోల్డర్ ఫోన్‌లో పేరు టైప్ చేసి పంపిన దాన్ని కాపీ పేస్ట్ చేసి పెట్టింది.

అన్నిచోట్లా దాన్ని తీసేసే లైను రాయడం తేలికే, కానీ అట్లా చేస్తే మధ్యలో అవసరమైన చోట కూడా పోయి మాటల రూపమే మారిపోతుంది. కాబట్టి రెండు చోట్లే తీయాలి: పేరు చివర, స్పేస్‌కి ముందు. బాష్‌లో వేరియబుల్ పేరు పక్కన శాతం గుర్తు పెట్టి ఆ అక్షరం ఇస్తే చివర ఉంటేనే తీసేస్తుంది, రెండు స్లాష్‌లతో ‘ఆ అక్షరం, స్పేస్’ ఇచ్చి బదులుగా వట్టి స్పేస్ ఇస్తే రెండోది అయిపోతుంది. కొత్త ఫోల్డర్ తయారుచేసే స్క్రిప్ట్‌లో ఈ రెండు లైన్లూ పెట్టా. పాత ఫోల్డర్లకి పేర్లు మార్చే ముందు పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన రాసి చూపించి, ‘అవును’ అంటేనే మార్చేలా పెట్టా, కొత్త పేరుతో ఇప్పటికే ఫోల్డర్ ఉంటే ముట్టుకోదు.

గురువారం

తీసేసే పని. పాత ఫైల్లో ఆర్‌ఎమ్‌కి (ఫైళ్ళు తీసేసే కమాండ్) మైనస్ ఎఫ్, అంటే అడగకుండా తీసేయ్ అని, కలిపి ఏలియాస్ (కమాండ్‌కి మారుపేరు) పెట్టి ఉంది, ఫోటోల సిస్టమ్‌లో అది ఉండకూడని లైను. చాలామంది దానికి ఎదురుగా మైనస్ ఐ పెడతారు, ప్రతి ఫైల్‌కీ అడుగుతుంది అని. నాకు అదీ ఇష్టం లేదు, వందసార్లు అడిగితే మనిషి చదవకుండా ‘వై’ నొక్కడం నేర్చుకుంటాడు, ఆ ఏలియాస్ లేని సిస్టమ్‌కి పోయినప్పుడు అడుగుతుందిలే అనుకొని కొట్టేస్తాడు. అందుకే ఆర్‌ఎమ్‌ని ముట్టుకోలేదు, దాని బదులు ట్రాష్ సీఎల్‌ఐ అనే టూల్ పెట్టి ‘చెత్త’ అని వేరే పేరు ఇచ్చా. అది తీసినవి అదే డిస్కులో ఒక దాచిన ఫోల్డర్‌లోకి పోతాయి, కావాలంటే రీస్టోర్ చేసుకోవచ్చు. జాగా మాత్రం ట్రాష్ ఎంప్టీ చేసేదాకా ఖాళీ కాదు, దానికి 30 అని ఇస్తే ముప్పై రోజులు దాటినవే పోతాయి.

నోక్లాబర్ అనే సెట్టింగ్ కూడా ఆన్ చేశా, ఉన్న ఫైల్ మీదకి బాణం గుర్తుతో రాయబోతే బాష్ ఒప్పుకోదు. చెక్‌సమ్ లిస్టులు ఉన్న చోట ఇది చాలా అవసరం. నిజంగా రాయాలంటే బాణం పక్కన నిలువు గీత పెట్టాలి.

ఆదివారం

షెల్‌చెక్ అని స్క్రిప్టుల్లో తప్పులు వెతికే టూల్ ఇన్‌స్టాల్ చేసి స్క్రిప్టులన్నీ దానికి చూపించా. కోట్స్ లేని చోట్లు, సీడీ ఫెయిలైతే ఏం చేయాలో రాయని చోట్లు చూపించింది, దిద్దాం. సీడీ ఫెయిలైనా కింది లైన్లు నడిస్తే అవి తప్పు ఫోల్డర్‌లో నడుస్తాయి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బాష్‌ఆర్‌సీ మార్చినప్పుడల్లా బాష్ మైనస్ ఎన్‌తో ముందు సింటాక్స్ చూడాలి, తర్వాత కొత్త టెర్మినల్ తెరిచి చూడాలి, అది బాగా లేచాకే పాతది మూయాలి.

ఇప్పుడు బాష్‌ఆర్‌సీలో మేం కలిపిన భాగం చిన్న మానిటర్‌లోనే స్క్రోల్ చేయకుండా కనపడుతుంది. కుర్రోణ్ణి కూర్చోబెట్టి పై నుంచి కింద దాకా ప్రతి లైనూ చెప్పించుకున్నా. ఒక్క చోట ఆగాడు, సీడీపాత్ దగ్గర. దాన్ని నేను పెట్టింది ఎక్కడున్నా పెళ్ళిళ్ళ ఫోల్డర్‌కి తిన్నగా పోవడానికి, కానీ వాడు ట్యాబ్‌తోనే పోతున్నాడు, ఒక్కసారి కూడా వాడలేదు. షరతు ప్రకారం తీసేశాం.

కాన్ఫిగ్ ఫైళ్ళూ స్క్రిప్టులూ అన్నీ గిట్‌లో (ప్రతి మార్పునీ దాచిపెట్టే టూల్) పెట్టా, మార్చినప్పుడు ఎందుకు మార్చామో తెలుగులో ఒక లైను రాయాలి. మిగిలింది హార్డ్ డిస్కుల మౌంటింగ్. ఇప్పుడు ఏ డిస్కు ముందు తగిలిస్తే దానికి ఎస్‌డీబీ అని పేరు వస్తుంది, ఇంకోటి ఎస్‌డీసీ, రేపు తీగలు మారితే పేర్లూ మారతాయి. రెండింటి యూయూఐడీలు (తీగలు మారినా మారని గుర్తింపు నంబర్లు) బ్లాక్‌ఐడీ కమాండ్‌తో తీసి రాసిపెట్టుకున్నా, ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ కలపాలో చెప్పే ఫైల్) వాటితోనే పెట్టాలి, పక్కన నోఫెయిల్ కూడా ఇవ్వాలి, లేకపోతే డిస్కు తగిలించని రోజు సిస్టమ్ బూట్ మధ్యలో ఆగిపోతుంది. బావ ఈ వారం కదిరి పెళ్ళికి పోతున్నాడు, వచ్చాక డిస్కులు రెండింటి మీదా ఏ పనీ నడవనప్పుడు చేస్తా.